బీడీ దారం కట్టిన కంటి గోలీ

షంషున్నీసా అనే పేరును మా గల్లీలో నిండుగా పలికినవాడు ఆమె భర్త ఖుద్దూస్ ఒక్కడే. ఊరూరా తిరిగి ఇత్తడి గిన్నెలకు కళాయి పోసే ఖుద్దూస్, కూతురు సయీదాకు నాలుగేళ్లున్నప్పుడు జుక్కల్ దిక్కు పోయి, జ్వరంతో తిరిగి వచ్చి, వారం దాటకుండా పోయాడు. ఆ తర్వాత ఎల్లారెడ్డిలో ఆమె అందరికీ షంషవ్వ. బీడీ కార్ఖానా పుస్తకంలో శంషమ్మ అని రాశారు. దానికీ పలికేది. "ఏ పేరైతే ఏంది బిడ్డా, ఆకు తంబాకు ఇస్తున్నరు గదా" అనేది.

మా ఇంటికీ వాళ్ల ఇంటికీ మధ్య ఒకటే గోడ. పొద్దున లేస్తే ఆ గోడ అవతలి నుంచి ముందు తంబాకు వాసన, తర్వాత కత్తెర చప్పుడు వచ్చేవి. రాత్రంతా తడిగుడ్డలో చుట్టిపెట్టిన తునికాకును షంషవ్వ కత్తిరిస్తూ ఉండేది. చాట ఒడిలో పెట్టుకుని, ఆకులో తంబాకు పోసి, చుట్టి, మూతి మడిచి, దారం కట్టేది. ఆ దారం కట్టడం చూడాల్సిందే. బొటనవేలు, చూపుడువేలు మధ్య ఒక్క తిప్పు, ఒక్క గుంజు. ముడి ఎక్కడ పడిందో కనిపించేది కాదు. "నేను కట్టిన ముడి నాతోని కూడా ఇప్పరాదు" అనేది. అది గొప్పగా చెప్పుకోవడం కాదు, ఉన్న సంగతి.

ఆమె చేతికి ఇంకో పేరు కూడా ఉండేది. కంట్లో నలుసు పడితే గల్లీలో ఎవరైనా ముందు షంషవ్వ గడపకే వచ్చేవాళ్లు. వాళ్లను ఎండవైపు మొఖం పెట్టించి కూర్చోబెట్టి, చాట పక్కకు దించి, చేతులు కొంగుకు తుడుచుకుని, రెప్ప తిప్పి, తడిపిన కొంగు కొసతో నలుసు తీసేది. తీసినదాన్ని వేలి మీద పెట్టి చూపించేది. "గిదేనా గంత లొల్లి చేసింది?" ఏడ్చే పిల్లలు నవ్వేవాళ్లు. శుక్రవారం శుక్రవారం సయీదా కళ్లకు కాటుకలాంటి సుర్మా పెట్టేటప్పుడు చుట్టుపక్కల పిల్లలు కూడా వరసకట్టేవాళ్లు. మా ఇంటి పిల్లలు, ఎదురింటి ఈరవ్వ మనవలు, అందరూ. ఖుద్దూస్ తెచ్చిచ్చిన ఇత్తడి సుర్మాదాని ఒకటి ఆమె దగ్గర ఉండేది, జామకాయంత. దాని మూతకే సలాయి ఉండేది, నున్నటి సన్నటి పుల్ల. ఒక కన్ను తర్వాత ఒక కన్ను, ఒక పిల్ల తర్వాత ఇంకో పిల్ల, అదే పుల్ల.

"షంషవ్వ చెయ్యి సలువ" అనేవాళ్లు అందరూ. చేతులు కొంగుకు తుడుచుకుని, అని పైన రాసి కాసేపు ఆగాను. ఆనాడు మాకు అదే శుభ్రం. తంబాకు మరకలు సబ్బుకు కూడా పోని వేళ్లవి. వాటిని చూసి ఎవరం ఏమీ అనుకోలేదు.

నేను అప్పటికి కామారెడ్డి కాలేజీలో డిగ్రీ ముగించి ఇంట్లో ఉన్నాను. శాఖా గ్రంథాలయం నుంచి వారానికి మూడు పుస్తకాలు తెచ్చుకునేదాన్ని. మా అరుగు మీద నేను చదువుతుంటే సయీదా తన చాట తెచ్చుకుని ఎదురుగా కూర్చునేది. పదిహేడేళ్లు ఉంటాయి అప్పుడు. నేను చదివిన కథ చదివినంత మేర ఆమెకు చెప్పాలి. చూడకుండానే బీడీలు చుట్టేది, చూపంతా నా మొఖం మీదే ఉండేది.

"ఇప్పుడేమాయె అక్కా? ఆమె ఉన్నదా పోయిందా?"

"ఉన్నది. ఉత్తరం రాస్తున్నది."

"ఇంకా ఉత్తరమేనా? నాలుగు దినాల సంది గదే ఉత్తరం. మా అమ్మీ అయితే ఈ పాటికి పోయి వాని కాలర్ పట్టుకుంటుండె."

గోడ అవతలి నుంచి షంషవ్వ గొంతు వచ్చేది. "నా ముచ్చట ఎందుకే అందుల? బీడీలు ఒదులుగ వస్తే కార్ఖానోడు నీ కాలర్ పట్టుకుంటడు, చూసుకో."

సయీదా కళ్లు పెద్దవి. గల్లీలో ఎవరి సూదిలోకి దారం ఎక్కకపోయినా ఆమె దగ్గరికే పంపేవాళ్లు. ఒక్క కన్ను మూసి, దారం కొస నోట్లో తడిపి, ఒక్కసారికే ఎక్కించేది.

1984 వానాకాలంలో ఊరంతా కండ్లకలక వచ్చింది. పొద్దున లేచేసరికి పిల్లల రెప్పలు పుసితో అతుక్కుని ఉండేవి. షంషవ్వ సయీదానూ గల్లీ పిల్లల్ని ముగ్గురినీ వెంటబెట్టుకుని దవాఖానకు పోయింది. అక్కడి కాంపౌండర్, ఇంతమందికీ కలిపి, ఒక చిన్న గాజు సీసా ఇచ్చాడు. అందులో తేనెరంగు మెత్తటి గోలీలు, చింతగింజంతవి, ఒక కొస తోకలా సన్నగా ఉంది. లోపల మలాం. తోక కత్తిరించి, కింది రెప్ప గుంజి, లోపల పిండుకోవాలి.

బస్టాండు దగ్గర చాయ్ అమ్మే హన్మండ్లుకు ఆమె ఒక గోలీ ఇస్తే అతను నీళ్లతో మింగాడు. షంషవ్వ తల కొట్టుకుంది.

"అది కంట్ల పెట్టుకునే గోలీ అన్నా."

"ఏ తొవ్వల పోయినా లోపలికే గదా పోయేది" అన్నాడు హన్మండ్లు. "కన్ను మాత్రం నా మొఖంల లేదా?"

ఆ నవ్వు గల్లీలో చాలా రోజులు ఉంది. షంషవ్వ చేసిన పని చూసి మాత్రం ఎవరం నవ్వలేదు. ఆమె తెలివికి మెచ్చుకున్నాం.

ఒక గోలీలో ఒక కంటికి పోను ఇంకా మందు మిగులుతున్నదని ఆమె మొదటిరోజే చూసింది. "నలుగురికి సరిపోయేది ఉన్నది ఇందుల. ఒక్క బొట్టు పిండి పారేసుడా? సగం ముద్ద తిని కంచం పారబోస్తమా?" అంది. బీడీ కత్తెరతో తోక కోసి, లోపలి మలాం కొంచెం సలాయి మీదికి తీసి, కంట్లో రాసేది. తర్వాత కోసిన మూతికి బీడీ దారం చుట్టి, ఒక్క తిప్పు, ఒక్క గుంజు. ముడి కనిపించేది కాదు. అట్లా కట్టిన గోలీలను సుర్మాదాని పక్కన ఒక డబ్బీలో పెట్టుకుంది. చూస్తే చిన్న చిన్న బీడీల్లా ఉండేవి.

ఆ రోజుల్లోనే ఒక మధ్యాహ్నం ఆమె సీసా పట్టుకుని మా అరుగు దగ్గరికి వచ్చింది.

"బిడ్డా, దీని మీద ఏం రాసున్నది?"

నేను పుస్తకంలో ఒక పేజీ మధ్యలో ఉన్నాను. ఏ పుస్తకమో, ఏ పేజీయో ఇప్పుడు గుర్తులేదు. తల కొంచెం తిప్పి సీసా మీది పెద్ద అక్షరాలు చూశాను.

"కండ్ల మందే అవ్వా."

"కండ్ల మందే గదా?"

"ఆఁ."

ఆమె వెంటనే పోలేదు. సీసా ఇంకా నా ముందే పట్టుకుని నిలబడింది. "కింద చిన్నచిన్నగ ఇంకేందో ఉన్నది గదా."

"ఏం లేదవ్వా. కంపెనీ పేరు, గవీ ఇవీ."

"ఏం లేదా?"

"ఏం లేదు."

ఆమె పోయింది. నేను పేజీ తిప్పాను.

కలక వారం పది రోజుల్లో తగ్గింది. చాలామందికి అది మందు లేకున్నా తగ్గేదేనని నాకు తర్వాత ఎప్పుడో తెలిసింది. పేరు మాత్రం షంషవ్వ చేతికి వచ్చింది. సగం గోలీలు ఆమె డబ్బీలో, దారం కట్టుకుని, అట్లాగే ఉండిపోయాయి.

ఆ ఏడు కార్తీకం చివర మా కల్లం పడింది. మా బాపు రాజయ్య తూర్పార పట్టడానికి ఆడవాళ్లను పిలిచాడు. సయీదా కూడా వస్తానంది. "కూసొని కూసొని నడుం పట్టింది, జర గాలి తగుల్తది" అంది. ఈరవ్వ స్టూలు మీద నిలబడి చాటతో వడ్లు కిందికి వదులుతుంటే, సయీదా కింద కుప్పను చీపురుతో సవరిస్తున్నది. నేను గడ్డి మోపుల మీద కూర్చుని ఉన్నాను. చేతిలో పుస్తకం ఉందనే చెప్పాలి.

గాలి తిరిగింది. తాలు, పొట్టు అంతా ఒక్కసారి సయీదా మొఖం మీదికి వచ్చింది. ఆమె "అబ్బ" అని కూర్చుంది. కుడికన్ను పట్టుకుంది.

"నీ కండ్లు గంతగనం ఉంటే పడక ఏం జేస్తయి" అంది ఈరవ్వ పైనుంచి.

"మొలకెత్తుతయేమొ ఈరవ్వా, నారు పోసుకుందువు గాని" అంది సయీదా, కన్ను నలుపుకుంటూనే. అందరం నవ్వాం. ఆమె మళ్లీ చీపురు పట్టింది. మధ్యాహ్నానికి కన్ను తెరవలేకపోయింది.

ఇంటికి పోయాక షంషవ్వ ఎప్పటిలాగే ఎండవైపు కూర్చోబెట్టి, కొంగు కొసతో పొట్టు ముక్క ఒకటి తీసింది. వేలి మీద పెట్టి చూపించింది. "గిదేనా?" అంది. డబ్బీ తెరిచి ఒక గోలీ తీసి, దారం కోసి, సలాయితో పెట్టింది.

"సల్లగున్నదా?"

"సల్లగున్నది అమ్మీ."

మరునాడు కొంచెం నిమ్మళంగానే ఉంది. మూడోనాడు నీళ్లు కారడం మొదలైంది. వెలుతురు చూడలేక సయీదా లోపలి అర్రలో మూలకు కూర్చుని, కంటి మీద గుడ్డ వేసుకుని, తడుముతూనే బీడీలు చుట్టింది. షంషవ్వ రెండు పూటలది నాలుగు పూటలు చేసింది. ఒక గోలీ అయిపోతే ఇంకోటి. అన్నీ పాతవే, వానాకాలంలో కోసి కట్టినవే.

"దవాఖానకు పోదాం అవ్వా" అన్నాను నేను.

"మందు పడుతనే ఉన్నది గదా బిడ్డా. మందు మీద ఇంకో మందు ఎందుకు? నువ్వే చూస్తివి గదా సీసా."

చూశాను కదా మరి.

ఐదోనాడు పొద్దున గోడ మీదుగా పిలిచింది. గొంతు చాలా చిన్నగా ఉంది. "బిడ్డా, జర వచ్చి చూడు. పువ్వు ఏసినట్టున్నది."

నల్లగుడ్డు మీద తెల్లదనం కనిపిస్తే మా దగ్గర పువ్వు వేసింది అంటారు. ఎందుకంత అందమైన పేరు పెట్టారో తెలియదు. సయీదా రెప్ప ఎత్తితే నడిమధ్య, జొన్న గింజంత, పాలచుక్కలా ఉంది.

కామారెడ్డి బస్సులో ఆమెను కిటికీ వైపు కాకుండా మధ్యలో కూర్చోబెట్టుకున్నాం. అయినా లింగంపేట దాటాక రోడ్డు తిరిగినచోటల్లా ఎండ లోపలికి వచ్చేది, వచ్చినప్పుడల్లా ఆమె నా భుజంలో మొఖం దాచుకునేది. పళ్లు కరుచుకుని ఉంది. అంత నొప్పిలోనూ ఒకసారి నా చెవి దగ్గర అడిగింది. "ఆమె ఉత్తరం అందిందా అక్కా వానికి?"

కామారెడ్డిలోని కంటి డాక్టరు వయసు మళ్లినవాడు. లైటు వేసి చాలాసేపు చూశాడు. ఏం పడ్డది, ఏనాడు పడ్డది అని అడిగాడు. తర్వాత, "ఏం మందు పెట్టిండ్రు?" అన్నాడు.

షంషవ్వ నడుం దగ్గరి సంచిలోంచి డబ్బీ తీసింది. మిగిలిన గోలీలు ఒక్కొక్కటే ఆయన బల్ల మీద వరసగా పెట్టింది. పక్కన సలాయి పెట్టింది. ఆ పెట్టడంలో అప్పటికీ కొంచెం ధీమా ఉంది. ఊరికే కూర్చోలేదు, మందు చేశాను, అన్నట్టు.

డాక్టరు ఒకటి తీసి దారం చూశాడు. "ఇది ఎవరు కట్టిండ్రు?"

"నేనే సారు. కారకుంట."

ఆయన కోప్పడతాడనుకున్నాను. కోప్పడలేదు. అద్దాలు తీసి తుడుచుకున్నాడు.

"అమ్మా, ఇది ఒక్క మనిషికి, ఒక్క సారికి చేసిన గోలీ. కోసినంక మిగిలింది పారేయాలె, ఎంత మిగిలినా సరే. మూతి తెరిస్తే దుమ్ము పోతది, చేతి మురికి పోతది, కండ్లకు కనబడని పురుగు పోతది. దారం దాన్ని ఆపదు. ఈ పుల్ల ఎంతమందికి పెట్టినవ్?"

"గల్లీల అందరికి" అంది షంషవ్వ.

"ఒకరి కన్ను పుసి ఇంకొకరి కంట్లకు మోసింది ఇది. ఇంకోటి, వడ్ల పొట్టు గుచ్చుకున్న కంట్ల పడే పుండు వేరే. ఊరవేసిన దాని మీద బూజు పడ్తది చూడు, గట్లాంటిది. కలకకు పనిచేసే మలాం దానికి పని చెయ్యదు. సల్లగున్నదని మీరు అనుకుంటనే ఉన్నరు, అది లోపల తింటనే ఉన్నది. గుచ్చుకున్ననాడే వస్తే..." ఆయన మాట ఆపేశాడు.

షంషవ్వ బల్ల మీది గోలీలను చూస్తున్నది. చూస్తూనే అడిగింది.

"సారు, బిడ్డ కన్ను పొట్టుతోని ఖరాబైందా, నా చేతితోని అయిందా?"

పొట్టుతోనే అని ఆయన అనవచ్చు. అనలేదు. "అది ఎవరం చెప్పలేమమ్మా" అన్నాడు.

ఆయన రాసిచ్చిన చీటీతో పట్నం పోయాం. పదకొండు రోజులు ఉన్నాం. గుడ్డు నిలిచింది, చూపు నిలవలేదు. కుడికంటిలో పువ్వు శాశ్వతంగా ఉండిపోయింది.

తిరిగి వచ్చాక మొదటిరోజు సయీదా చాయ్ పోసింది. కప్పులో కాకుండా కప్పు పక్కన నేల మీద పోసింది. ఒక్క కంటితో దూరం అందదని నాకు అప్పుడే తెలిసింది. తర్వాత తనే ఉపాయం కనుక్కుంది. ముందు చిటికెనవేలు కప్పు అంచుకు ఆనించి, ఆ వేలి ఆనవాలుతో పోసేది. సూదిలో దారం ఎక్కించమని గల్లీలో ఎవరూ ఆమెను అడగడం మానేశారు. అది దయే, కానీ ఆమె ఒకసారి నాతో, "ఎవరి సూదులు వాళ్లే ఎక్కించుకుంటున్నరు అక్కా ఇప్పుడు, అందరు హుషారైండ్రు" అంది.

పట్నం నుంచి తెచ్చిన మందులు రెండు నెలలు వాడాలి. అందులో పొద్దుగూకినాక పెట్టాల్సిన మలాం ట్యూబు ఒకటి. మొదటి సాయంత్రం షంషవ్వ సబ్బుతో మోచేతుల దాకా చేతులు కడుక్కుని, ట్యూబు పట్టుకుని, బిడ్డ ముందు కూర్చుంది. సయీదా తల వెనక్కి జరిపింది. చాలా కొంచెమే జరిపింది.

"అక్క పెడ్తది" అంది.

కోపంగా అనలేదు. బతిమాలినట్టు అంది. షంషవ్వ ట్యూబు నా చేతికిచ్చి లేచింది.

ఆ రెండు నెలలు రోజూ అట్లాగే జరిగింది. నేను గోడ దాటి వచ్చేసరికి షంషవ్వ చెంబుతో నీళ్లు, సబ్బుబిళ్ల పట్టుకుని గడపలో సిద్ధంగా ఉండేది. నా చేతుల మీద నీళ్లు పోసేది. "గోర్లల్ల బిడ్డా, గోర్లల్ల రుద్దుకో" అనేది. ఉతికిన గుడ్డ ఇచ్చేది. నేను సయీదాను పైకి చూడమని, కింది రెప్పను వేలితో నెమ్మదిగా కిందికి లాగేదాన్ని. అక్కడ చిన్న జేబులా ఏర్పడుతుంది. ట్యూబు కొస కంటికీ రెప్పకూ తగలకుండా పైనుంచి బియ్యపు గింజంత మలాం ఆ జేబులో పడేలా పిండాలి. కన్ను మూసుకుని కాసేపు ఉండాలి. ఆ కాసేపు ఎదురుగా ఉన్నదంతా మసకగా ఉంటుందని డాక్టర్లు చెప్పారు. సయీదాకు ఆ కంట్లో మసక అయినా లేదు. అయినా రోజూ మూసుకునే కూర్చునేది. షంషవ్వ గడప దాటి లోపలికి వచ్చేది కాదు. చెంబు పట్టుకుని చూస్తూ ఉండేది.

అటువంటి ఒక సాయంత్రమే వాళ్ల గూటిలో ఆ గాజు సీసా చూశాను. ఖాళీ సీసాలో సూదులు వేసుకున్నారు. తీసి, దీపం దగ్గర పెట్టి, పెద్ద అక్షరాల కింద ఉన్నవి చదివాను. రెండే వాక్యాలు. ఒక్కసారి వాడకానికి మాత్రమే. మిగిలినది పారవేయవలెను. సీసా మళ్లీ గూటిలోనే పెట్టి ఇంటికి వచ్చాను. వాళ్లకు చెప్పలేదు. చెప్పే రోజులు ఎన్నో వచ్చాయి, చెప్పలేదు. అప్పటి నుంచి నాకొక అలవాటైంది. అగ్గిపెట్టె మీద ఉన్నవి కూడా చివరిదాకా చదువుతాను.

షంషవ్వ సుర్మాదాని మూసి ట్రంకులో పెట్టేసింది. నలుసు పడిందని పిల్లలు గడపకు వస్తే చేతులు కొంగులో దాచుకునేది. "నాకాడికి రాకుండ్రి. మంచి నీళ్లతోని కడుక్కోండ్రి, పోకపోతే దవాఖాన. కల్లంల పడ్డదైతే ఇప్పుడే పోండ్రి, బువ్వ కూడ తర్వాతనే" అనేది. ఎవరింటికైనా పోతే గూట్లో కంటి మలాం ట్యూబు కనిపిస్తే చేతిలోకి తీసుకునేది. "ఎప్పుడు తెరిచిండ్రిది? ఎవరికిచ్చిండ్రు?" చెప్పలేకపోతే, నెల దాటిందంటే, అడగకుండానే పొయ్యిలో వేసేది. "షంషవ్వ కండ్ల పోలీసాయె" అన్నాడు హన్మండ్లు. ఆమె నవ్వలేదు. అతను మళ్లీ ఆ మాట అనలేదు.

సయీదాను మహమ్మద్‌నగర్‌లో సైకిళ్లు బాగుచేసే గౌస్‌కు ఇచ్చారు. మంచివాడు. పండగలకు వచ్చేది, తల్లి పక్కన కూర్చుని బీడీలు చుట్టేది, నవ్వేది. తల్లిని ఒక్కమాట అన్నట్టు నేనెప్పుడూ వినలేదు. కానీ ఆమె తిరిగి వెళ్లేటప్పుడు షంషవ్వ దిష్టి తీసి మెటికలు విరిచేది చూడండి, ఆ చేతులు బిడ్డ చెంపలకు తగిలేవి కావు. జానెడు దూరంలో, గాలిలోనే, ఆ మొఖం చుట్టూ తిరిగి వచ్చేవి. పదమూడేళ్లు అట్లాగే తిరిగాయి.

1997లో షంషవ్వకు కళ్లు మసకబారాయి. శుక్లాలు. "చూసిన కాడికి చాలు" అని రెండేళ్లు తప్పించుకుంది. చివరికి నేనే కామారెడ్డి తీసుకుపోయి ఒక కంటికి ఆపరేషన్ చేయించాను. పగలు వేసే చుక్కలు, సాయంత్రం పెట్టే మలాం ఇచ్చి పంపారు. ఇంటికి వచ్చిన సాయంత్రమే మహమ్మద్‌నగర్ నుంచి సయీదా వచ్చింది. నేను చేతులు కడుక్కోబోతుంటే ట్యూబు నా ముందు పెట్టింది.

"తేదీ రాయి అక్కా దాని మీద. తెరిచిన తేదీ. ముందుగాల చదువు."

"కంటి మలాం..." అని మొదలుపెట్టి ఆగిపోయాను. తర్వాత డబ్బా మీద ఉన్నదంతా చదివాను. పెద్దవి, చిన్నవి, లోపల మడిచి పెట్టిన కాగితం కూడా. ఇంగ్లీషులో ఉన్నది తెలుగులో చెప్పాను. కొస దేనికీ తగలనీయరాదు. ఒకరిది మరొకరు వాడరాదు. తెరిచిన నెల తర్వాత మిగిలినా వాడరాదు. నొప్పి, ఎరుపు పెరిగితే డాక్టరు దగ్గరికి పోవాలి. చదవడం అయిపోయింది. కాగితం మడవలేకపోయాను.

"అవ్వా, ఆనాడు సీసా మీద నేను అంతా చదవలేదు. ఒక్కసారికే అని రాసి ఉండె. ఏం లేదన్న నేను."

షంషవ్వ ఆపరేషన్ అయిన కన్ను మూసుకునే ఉంది. చాలాసేపు బీడీలు చుట్టే వేళ్లు ఒళ్లో ఊరికే కదిలాయి.

"నాకెర్కనే బిడ్డా" అంది. "కాంపౌండర్ చెప్పనే చెప్పిండు, ఒక్కసారికే, మిగిలింది పారెయ్ అని. నాకు పారెయ్య పానం రాలె. నీకాడికి ఎందుకొచ్చిన? సదువుకున్నదానివి, నువ్వు ఒద్దంటే పారేద్దామని. నువ్వు ఏం లేదన్నవు. నా పానం నిమ్మళమైంది."

సయీదా వింటున్నది. తల్లికి ముందే తెలుసన్న సంగతి ఆమె వినడం అదే మొదటిసారి. ఆమె మొఖంలో ఏముందో చూడడానికి నేను తలెత్తలేదు.

సయీదా లేచింది. పోతుందనుకున్నాను. గడప దగ్గర చెంబు తీసి నాకిచ్చింది.

"నీళ్లు పొయ్యి అక్కా."

పోశాను. గోళ్లలో రుద్దుకుంది, మోచేతుల దాకా రుద్దుకుంది. ఉతికిన గుడ్డతో తుడుచుకుని, తల్లి ఎదురుగా మోకాళ్ల మీద కూర్చుంది.

"మీదికి చూడు అమ్మీ."

షంషవ్వ చూసింది. సయీదా ఎడమచేతి వేలితో రెప్ప కిందికి లాగింది. ట్యూబు దగ్గరికి తెచ్చి ఆగిపోయింది. ఒక్క కంటితో ఆ కొస ఎంత దూరంలో ఉందో ఆమెకు అందదు. తగిలితే తల్లి కన్ను. కప్పు అంచుకు ఆనించినట్టు, కుడిచేతి చిటికెనవేలు తల్లి చెంప ఎముకకు ఆనించింది. ఆ వేలి ఆనవాలుతో ట్యూబు నెమ్మదిగా దించింది.

"తాకుతున్నదా అక్కా?"

నేను పక్కకు వంగి చూశాను. "లేదు. గోరంత ఎడం ఉన్నది."

పిండింది. బియ్యపు గింజంత పడింది.

"మూసుకో అమ్మీ. జర సేపు మసక మసక ఉంటది. భయపడకు."

షంషవ్వ కన్ను మూసుకుంది. సయీదా ట్యూబును ఎడమచేతికి మార్చుకుని, ఆ ఒక్క చేత్తోనే మూత పెట్టింది. కుడిచేతి చిటికెనవేలు తల్లి చెంప మీదే ఉంది. మసక పోయేంతసేపు దాటిపోయినా షంషవ్వ కన్ను తెరవలేదు.